సంక్షిప్తసందేశములు – తెలుఁగులిపి

నేఁటి యువజనులు సెల్‌ఫోనులలోఁ దెలుఁగును రోమనులిపిని వ్రాసి భాషను జెఱచుచున్నారని పండితులు వగచుచుందురు. ఈ నింద విమర్శింపఁదగినది.

మొదటి సంక్షిప్తసందేశము 1992 డిసెంబరు 3వ తేదీన ఇంగ్లండునఁ బంపఁబడెను. ఒక్కొక్క సందేశమున రోమనులిపికి 160 స్థానములు గలవు. తెలుఁగులిపికి 70 మాత్రమే. అందును గుణింతపుగుర్తులును బొల్లులును వేఱువేఱుగా లెక్కకు వచ్చును. కంటికి నొక్క యక్షరమైన ‘స్త్రీ’ యాఱు స్థానముల నాక్రమించును. పెక్కు ఫోనులకుఁ దెలుఁగక్షరములే లేక, సందేశమున కింత యని రుసుము గొను దినములలో బాలురు రోమనులిపి నాశ్రయించుట సౌకర్యలోపమువలననే గాని భాషాద్వేషమువలనఁ గాదు.

సంక్షేపమును దోషము గాదు. సూత్రకారులు దానిని గుణముగానే యెంచిరి. దోషము లిపియందున్నది. ‘పాట’, ‘పాత’ యనునవి తఱచుగా నొక్కతీరున వ్రాయఁబడును. ‘కల’, ‘కళ’, ‘కాల’ లకు భేదము నశించును. సందర్భముచేఁ జదువరి యర్థము గ్రహించినను, వ్రాయు చేయి హ్రస్వదీర్ఘములను లళలను మఱచును.

ఇప్పు డా నిర్బంధములు చాలవఱకుఁ దొలఁగినవి. ఫోనులలోఁ దెలుఁగుమీటలు గలవు. అలవాటు మాత్రము నిలిచినది. కావున నింద మాని, బడులలోఁ బలకపై నేర్పిన గుణింతమునే మీటలపైనను నేర్పుట యుక్తము. అట్లు నేర్పమేని యపరాధము బాలురది గాదు, మనదే.