తస్వీరుకు ఇస్లాహ్

ఉర్దూ కవిత్వంలో ఒక మంచి ఆచారం వుంది. దాన్ని ఇస్లాహ్ అంటారు. శాగిర్దు గజల్ రాసి ఉస్తాదు ముందు పెడతాడు. ఉస్తాదు వాహ్ వా అని వూరుకోడు, ఛీ అని పక్కన పడెయ్యడు. ఏ మిస్రాలో ఏ మాట తూకం తప్పిందో అక్కడ వేలు పెట్టి చూపిస్తాడు. అవసరమైతే ఒక మాట మార్చి రాసిస్తాడు. మిగిలిన పని శాగిర్దుదే. సియాల్‌కోట్ కుర్రాడు ఇక్బాల్ తన తొలి గజళ్లను టపాలో హైదరాబాదుకు పంపి, నిజాం కొలువులో వున్న దాగ్ దెహల్వీ దగ్గర ఇస్లాహ్ తీసుకున్నాడు. ఎక్కడి సియాల్‌కోట్, ఎక్కడి హైదరాబాద్! మధ్యన తిరిగింది ఒక కాగితం మాత్రమే.

కవిత్వానికి వున్న ఈ భాగ్యం మన బొమ్మలకు లేదు. ముస్లిం కుర్రాడు ఫొటోల్ని కోసి, అతికి, రంగు మార్చి ఒక బొమ్మ చేశాడనుకోండి. మసీదు పెద్దలు 'తస్వీర్ హరామ్' అని ముఖం తిప్పుకుంటారు. లౌకికవాద మిత్రులు 'ఎంత గొప్ప మత సామరస్యం' అని భుజం తట్టి వెళ్లిపోతారు. ఇద్దరూ బొమ్మను చూడలేదు. ఒకరు ఫత్వా ఇచ్చారు, ఇంకొకరు సర్టిఫికెట్ ఇచ్చారు. ఆ కుర్రాడికి కావలసింది ఈ రెండూ కావు. 'ఇక్కడ బాగుంది, ఇక్కడ తప్పింది, ఇది ఇలా చేసి చూడు' అనే మాట కావాలి.

ఆ మాట చెప్పే ప్రయత్నమే ఈ వ్యాసం.

మా ముందు మూడు బొమ్మలున్నాయి. చేసినవాడు అనంతపురంలో ఫ్లెక్సీ బ్యానర్లు వేసే దుకాణంలో పని చేసే కుర్రాడు. పొద్దంతా పెళ్లిళ్లకూ పుట్టినరోజులకూ నాయకుల ముఖాలు కోసి అతికిస్తాడు. రాత్రిపూట అదే కంప్యూటర్లో తన బొమ్మలు చేసుకుంటాడు. ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల కుటుంబం. పేరు రాయొద్దన్నాడు, రాయడం లేదు. ఇక్కడ తమ్ముడు అని పిలుచుకుందాం.

ముందు ఒక పాత అనుమానం తీర్చుకోవాలి. ఫొటోను మార్చడమంటే అబద్ధమాడ్డమేనా? ఫొటో పుట్టిన కొత్తల్లోనే మనుషులు దాన్ని మార్చడం మొదలుపెట్టారు. 1857లో ఆస్కార్ రైలాండర్ ముప్పైకి పైగా నెగటివ్‌లు కలిపి ఒకే బొమ్మ చేసి ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ప్రదర్శించాడు. 1932లో జాన్ హార్ట్‌ఫీల్డ్ హిట్లర్ ఫొటోకు ఎక్స్‌రే జోడించి, వెన్నుపూసల చోట బంగారు నాణేలు పేర్చాడు. అది కల్పించిన బొమ్మే. కానీ హిట్లర్ వెనక ఎవరి డబ్బుందో ఏ మామూలు ఫొటో చెప్పనంత సూటిగా చెప్పింది. మరి 2013లో ముజఫర్‌నగర్‌లో ఏం జరిగింది? 2010లో పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్‌లో ఇద్దరు అన్నదమ్ముల్ని కొట్టి చంపిన వీడియోను ఇక్కడి ముస్లింలు చేసిన హత్యగా తిప్పారు. బొమ్మలో ఏదీ మార్చక్కర్లేకపోయింది, వూరి పేరు మారిస్తే సరిపోయింది. కాబట్టి కత్తెర పడిందా లేదా అన్నది అసలు ప్రశ్న కాదు. ఆ కత్తెర ఎవరి చేతిలో వుంది, దేన్ని దాచడానికి పని చేసింది, దేన్ని బయటపెట్టింది అని అడగాలి.

ఇక తస్వీర్ హరామ్ అనే మాట. హజ్‌కు పోవాలన్నా పాస్‌పోర్టు ఫొటో దిగక తప్పదు. ఆరవ నిజాం కొలువులో ఫొటోలు తీసిన దీన్‌దయాళ్‌కు ముసవ్విర్ జంగ్ అనే బిరుదు ఇచ్చిందీ ముస్లిం పాలకుడే. ఆయన 1892లో హైదరాబాదులో ఆడవాళ్ల కోసం విడిగా జనానా స్టూడియో కూడా తెరిచాడు. బురాఖ్ క్యాలెండర్లు వేలాడదీసిన ఇళ్లు మన వూళ్లలో తక్కువేం లేవు. ఈ చర్చ ఇంతటితో చాలు. బొమ్మల దగ్గరికి వద్దాం.

మొదటి బొమ్మలో తమ్ముడి తాత వున్నాడు. తలకు రుమాలు చుట్టుకుని, పంచె కట్టుకుని, ఎండిన చెరువు మధ్య నిలబడి వున్నాడు. వెనక కాబా. చెరువు అడుగున మట్టి నెర్రెలు సాగి సాగి, ముందుకు పోయేకొద్దీ కాబా చుట్టూ పరిచిన పాలరాతి పలకల అతుకులైపోయాయి. ఎక్కడ మన చెరువు అయిపోయిందో, ఎక్కడ మక్కా మొదలైందో గీత పెట్టి చూపించలేం. ఈ ఒక్క అతుకు కోసం తమ్ముడి చేతికి సలాం చెప్పాలి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని సీమలో, హజ్ అనేది ఎంత దూరపు కలో ఆ నెర్రె చెబుతోంది.

కానీ తాతకు నీడ లేదు. ఆయన ఫొటో సాయంత్రపు ఎండలో తీసింది. వెలుతురు కుడి చెంప మీద పడుతోంది. కాబా ఫొటో రాత్రిపూట పెద్ద దీపాల కింద తీసింది. రెండు వెలుతుర్లు పొసగలేదు. పాదాల కింద నీడ పడక తాత నేల మీద నిలబడినట్టు లేడు, గాలిలో తేలుతున్నాడు. ఇది కేవలం పనితనంలో లోపమైతే ఒక మాటలో చెప్పి ముందుకు పోదుము. దీని వెనక ఒక నొప్పి వుంది. తెలుగు మాత్రమే వచ్చిన దూదేకులవాణ్ణి ఉర్దూ ఇళ్లవాళ్లు 'నువ్వు ముసల్మానువేనా' అని అడుగుతారు. పక్కింటి హిందువు 'మీరు మావాళ్లే కదా' అంటాడు. సర్కారు కాగితాల్లోనూ దూదేకులవారు బీసీ-బీ, 2007లో చేర్చిన వెనుకబడిన ముస్లిం తెగలు బీసీ-ఇ. అన్ని వైపులా కత్తెరలే. ఆ ప్రశ్నలకు జవాబుగానే తమ్ముడు తాత వెనక కాబాను తెచ్చి నిలబెట్టాడు. రుజువు చూపించే తొందరలో తాతకు నేల ఇవ్వడం మరిచిపోయాడు.

మా ఇస్లాహ్ ఇది: కాబాను తీసెయ్యక్కర్లేదు. దాని మీది దీపాల తెల్లదనం తగ్గించి, తాత చెంప మీద వున్న సాయంత్రపు ఎండను దాని మీదికీ పాకించు. తాత పాదాల దగ్గర నుంచి ఎడమ వైపుకు పొడుగాటి నీడ దించు. ఆ నీడ నెర్రెల మీదుగా పోయి పాలరాయిని తాకనీ. అప్పుడు తాతకు రుజువుల అవసరం వుండదు.

రెండో బొమ్మ గూగూడు కుళ్లాయిస్వామి. నార్పల మండలంలోని ఆ వూరికి మొహర్రం రోజుల్లో ఎంత జనం వస్తారో అనంతపురం వాళ్లకు చెప్పక్కర్లేదు. అఫ్సర్ 2013లో 'ది ఫెస్టివల్ ఆఫ్ పీర్స్' అనే పుస్తకంలో ఈ వూరి గురించి ప్రపంచానికి చెప్పాడు. కుళ్లాయి అంటే టోపీ. వార్తాపత్రికల కార్టూన్లలో ముస్లింను అనుమానంగా చూపించడానికి ఏ టోపీ పెడతారో, ఆ టోపీయే ఇక్కడ దేవుడి పేరు. కుళ్లాయప్పలూ కుళ్లాయమ్మలూ ఫక్కీరప్పలూ ఈ జిల్లా హిందువుల ఇళ్లలో ఎంతమందో! ఫొటోషాప్ 1990లో వచ్చింది. ఈ నేల మీద పేర్లను అతికే పని అంతకు ఎన్నో తరాల ముందే జరిగింది.

తమ్ముడు పీరునూ ఆంజనేయుణ్ణీ పక్కపక్కన నిలబెట్టాడు. ముందు అగ్నిగుండం. నిప్పుల ఎర్రటి వెలుగు ఇద్దరి మీదా ఒకేలా పడుతోంది. మొదటి బొమ్మలో తప్పిన వెలుతురు ఇక్కడ చక్కగా కుదిరింది. ఒకే నిప్పు ఇద్దర్నీ చూపిస్తోంది. గూగూడులో జరిగేది సరిగ్గా అదే.

అయితే వెనక ఆకాశమంతా మూడు రంగుల జెండా పరిచాడు. ఎందుకు తమ్ముడూ అంటే, 'అలా అయితే అందరికీ నచ్చుతుంది భాయ్' అన్నాడు. ఆ 'అందరూ' ఎవరు? గుండంలో నడిచే రైతుకు ఆ జెండా అక్కర్లేదు. అతను దేశభక్తి రుజువు చేసుకోవడానికి నిప్పుల్లో నడవడం లేదు, మొక్కు తీర్చుకోవడానికి నడుస్తున్నాడు. మన పండుగను మనం వేసుకున్నా, మూలన ఎవరికో సంజాయిషీ రాస్తున్నాం. గుండం వెలుగు చెప్పాల్సింది చెప్పేసింది, జెండా దాన్ని మళ్లీ గట్టిగా అరిచి చెబుతోంది.

ఇంకో సంగతి. పీరు ఆంజనేయుడి మోకాలి ఎత్తున వుంది. తమ్ముడు కావాలని చేసింది కాదు. ఇంటర్నెట్‌లో దొరికిన ఆంజనేయుడి బొమ్మ పెద్దది, తన ఫోనుతో తీసుకున్న పీరు ఫొటో చిన్నది. ఆ ఆంజనేయుడు కూడా గూగూడు గుడిలోని స్వామి కాదు. 2015లో కేరళ చిత్రకారుడు కరణ్ ఆచార్య గీసిన, ఆ తర్వాత దేశమంతటా కార్ల అద్దాల మీదికెక్కిన కాషాయం-నలుపు ముఖం. గీసినాయన ఉద్దేశం ఏదైనా, అది మన వూరి ముఖం కాదు. సులభంగా దొరికిన బొమ్మ తనతో పాటు తన కొలతలూ, తన కోపమూ తెచ్చుకుంటుంది. మా ఇస్లాహ్: గూగూడు పోయి అక్కడి భక్తుల ఇళ్లలో గోడకు వేలాడే పటాలు చూడు, అడిగి ఫొటో తీసుకో. ఇద్దర్నీ ఒకే ఎత్తున నిలబెట్టు. జెండా తీసేసి ఆకాశాన్ని చీకటిగానే వుంచు. గుండం ఇంకా బాగా వెలుగుతుంది.

మూడో బొమ్మ అమ్మ. మూడింటిలో మాకు ఎక్కువ నచ్చింది ఇదే, ఎక్కువ కోపం తెప్పించిందీ ఇదే. అమ్మ కూచుని శెనక్కాయలు ఒలుస్తోంది. ఒళ్లోంచి దారం ఒకటి బయల్దేరుతుంది. దానికి గుచ్చినవి శెనక్కాయలు. పోను పోను ఆ కాయలే తస్బీ పూసలైపోతాయి. అమ్మ వేళ్ల మధ్య కాయ వుందా, పూస వుందా తెలియదు. కూలి చేసే చెయ్యీ, జిక్ర్ చేసే చెయ్యీ ఒకటేనని ఇంతకంటే సులువుగా ఎవరు చెప్పగలరు? ఈ ఆలోచన ఏ అరబ్బు దేశం నుంచీ రాదు, ఏ ఢిల్లీ నుంచీ రాదు. శెనక్కాయ పంట మీద బతికి, ఆ పంట చేతనే దెబ్బ తిన్న నేల నుంచే వస్తుంది.

అలాంటి అమ్మ ముఖాన్ని తమ్ముడు తెల్లగా చేశాడు. వేళ్ల మీది పగుళ్లను నున్నగా తుడిచేశాడు. చేను తీసేసి ఇసుక దిబ్బలూ ఖర్జూరపు చెట్లూ పెట్టాడు.

1994 జూన్‌లో అమెరికాలో టైమ్ పత్రిక హత్య కేసులో పట్టుబడిన ఓ.జె. సింప్సన్ ఫొటోను నల్లబరిచి ముఖచిత్రంగా వేసింది. అదే ఫొటో మార్చకుండా న్యూస్‌వీక్ వేయడంతో తేడా అందరికీ కనబడింది. నల్లవాళ్లు మండిపడ్డారు. నేరం అనగానే ముఖాన్ని ఇంకా నల్లగా చేయాలని ఎందుకు తోచిందని నిలదీశారు. మనం దాన్నే తిరగేసి చేస్తున్నాం. గౌరవం అనగానే అమ్మ ముఖాన్ని తెల్లగా చేయాలని ఎందుకు తోచింది? వాళ్లు నలుపులో నేరాన్ని చూశారు, మనం నలుపులో అవమానాన్ని చూస్తున్నాం. రంగు మీద లెక్క ఒకటే. తమ్ముడి దుకాణంలో పెళ్లికూతుళ్లనూ నాయకుల్నీ రోజూ తెల్లబరుస్తారు, అలవాటుగా బ్రష్ అటే పోయి వుంటుంది. ఆ అలవాటే మనం అడగాల్సిన విషయం.

పగుళ్ల సంగతి ఇంకా ముఖ్యం. తాత బొమ్మలో నేల పగుళ్లే కవిత్వమయ్యాయి. అమ్మ చేతి పగుళ్లు ఎందుకు సిగ్గయ్యాయి? మా ఇస్లాహ్ చాలా చిన్నది: ముఖం మీదా వేళ్ల మీదా నడిపిన బ్రష్‌ను వెనక్కి తీసుకో. ఖర్జూరాలు తీసేసి చేను చేనుగా పెట్టు. తస్బీని మాత్రం ముట్టుకోకు.

ఇప్పుడు యంత్రాలే బొమ్మలు చేసిపెడుతున్నాయి. 2024 మేలో 'ఆల్ ఐస్ ఆన్ రఫా' అనే బొమ్మను కోట్లమంది పంచుకున్నారు. వరసగా, శుభ్రంగా గుడారాలు. మనుషుల ముఖం ఒక్కటీ లేదు. చావులు జరుగుతున్న చోటును రక్తం లేకుండా, ముఖం లేకుండా చూపిస్తే పంచుకోవడం సులువు. పంచుకున్నవాళ్ల మనసును తప్పు పట్టడం లేదు. కానీ ముస్లిం ముసలాయన అని యంత్రాన్ని అడిగి చూడండి. టోపీ, తెల్ల గడ్డం, మినార్లు ఇచ్చే అవకాశమే ఎక్కువ. రుమాలు చుట్టి, పంచె కట్టి, తెలుగులో దువా చేసుకునే అనంతపురం తాత దానికి తెలిసిన ముస్లిం కాడు. అతను తమ్ముడి ఇంటి ఆల్బంలోనే వున్నాడు. అందుకే ఈ కుర్రాళ్ల కోతలూ అతుకులూ మనకు కావాలి.

పత్రికలో పనిచేసే వాళ్లం కాబట్టి ఒక షరతు కూడా పెడతాం. 1982లో నేషనల్ జియోగ్రఫిక్ ముఖచిత్రం కోసం ఈజిప్టు పిరమిడ్లను దగ్గరికి జరిపి నవ్వులపాలైంది. అంత పెద్ద పత్రిక తట్టుకుంది. ముస్లిం కుర్రాడు చేసిన బొమ్మను ఎవరైనా నిజం ఫొటోగా తిప్పితే తట్టుకోవాల్సింది అతని వీధి మొత్తం. బొమ్మ కింద 'కల్పించిన బొమ్మ' అని తెలుగులో, వీలైతే ఉర్దూలో రాయాలి. అసలు ఫొటోలు దాచుకోవాలి.

చూసేవాళ్లకూ రెండు మాటలు. లౌకిక మిత్రులారా, సామరస్యం అనే మాట అనడానికి ముందు పీరు ఎత్తు ఎంత వుందో చూడండి. మన పెద్దల్లారా, హరామ్ అనడానికి ముందు ఆ వేళ్ల మధ్య వున్నది తస్బీ అని గమనించండి. ఆ తర్వాత నచ్చనిదేదో వేలు పెట్టి చూపించండి, కుర్రాడు వింటాడు. మూడు బొమ్మలకూ మేము చెప్పిన మార్పులు విని తమ్ముడు రెంటికి ఒప్పుకున్నాడు. జెండా విషయంలో మాత్రం ఇంకా వాదిస్తున్నాడు. వాదించనీ. ఇస్లాహ్ తీసుకున్న శాగిర్దు ప్రతి మాటకూ తల వూపాలనే నియమం ఎక్కడా లేదు.