స్ట్రెస్, స్ట్రెయిన్, షెయె యానోష్

మనసు బాగోలేకపోవడం గురించి మాట్లాడేటప్పుడు మనం వాడే ఇంగ్లీషు మాటల్లో బాగా చెలామణీలో ఉన్నది స్ట్రెస్. డిప్రెషన్ అనేటప్పుడు ఇంకా కొంచెం గొంతు తగ్గిస్తాం. యాంగ్జయిటీ అనేముందు ఎదురుగా ఉన్నదెవరో చూసుకుంటాం. స్ట్రెస్‌కి మాత్రం ఆ మొహమాటం లేదు. ఆఫీసు లిఫ్టులో, పెళ్లి భోజనాల బంతిలో, కోచింగ్ హాస్టల్లో, డాక్టరు చీటీలో, ఎక్కడ పడితే అక్కడ. విచిత్రమేంటంటే, ఈ మాటని ఈ అర్థంలో ప్రపంచమంతా తిప్పినవాడికి ఇంగ్లీషు మొదటి భాష కాదు, రెండోదీ కాదు.

హంగేరీలో అతని పేరు షెయె యానోష్. మనలాగే వాళ్లూ ఇంటిపేరు ముందు చెప్తారు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి యానోష్ కాస్తా హాన్స్ అయి ముందుకొచ్చింది, షెయె సెల్యే అయి వెనక్కి పోయింది. పుట్టింది 1907లో వియన్నాలో. తండ్రి హంగేరియన్, సైన్యంలో డాక్టరు, తల్లి ఆస్ట్రియన్. పెరిగింది డాన్యూబ్ ఒడ్డున కొమారోమ్‌లో. మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక ఆ ఊళ్లో ఉత్తరపు ఒడ్డు చెకోస్లొవేకియాకి పోయింది. మెడిసిన్ ప్రాగ్‌లోని జర్మన్ యూనివర్సిటీలో. 1931లో రాక్‌ఫెల్లర్ ఫెలోషిప్ మీద అమెరికా, అక్కణ్నుంచి మాంట్రియల్‌లో మెక్‌గిల్, 1945 నుంచి అదే ఊళ్లో ఫ్రెంచి యూనివర్సిటీ. మన ఆన్‌సైట్ వాళ్ల రెజ్యూమెలా లేదూ?

ఇతను సామాన్య పాఠకుల కోసం 1956లో రాసిన పుస్తకం 'ది స్ట్రెస్ ఆఫ్ లైఫ్'. సైన్సు పుస్తకంగా చూస్తే ఇందులో చాలా భాగానికి కాలం చెల్లింది. నాకు మాత్రం ఇది ఒక పరాయి భాషవాడు ఒక ఇంగ్లీషు మాటని పట్టుకుని, సాగదీసి, చివరికి దాని చేతిలో తనే ఇరుక్కున్న కథలా కనిపిస్తుంది. అలా చదివితే ఇప్పటికీ బావుంటుంది.

పుస్తకంలో నాకు నచ్చిన భాగం ప్రాగ్ వార్డు. ప్రొఫెసరు ఒక్కో రోగినీ చూపించి, ఈ జబ్బుకి ఈ లక్షణం, ఆ జబ్బుకి ఆ లక్షణం అని విడదీసి చెప్తుంటాడు. కుర్ర సెల్యేకి ఆ తేడాలేవీ ఇంకా తెలీదు. అందుకే తేడాల కన్నా ముందు పోలిక కనిపించింది. అందరికీ ఆకలి లేదు, అందరికీ ఒళ్లు నొప్పులు, అందరి ముఖమూ ఒకలాగే వాడిపోయింది. ఇది ఏ జబ్బుదీ కాదు, జబ్బు పడటం అనేదానిదే కదా అనిపించిందట. దీనికి వైద్యంలో పేరు లేదు, ఎందుకంటే ఇది దేన్నీ గుర్తుపట్టడానికి పనికిరాదు. ఇంగ్లీషులో దీన్ని చెప్పడానికి అతను కొంచెం తడుముకుంటాడు. తెలుగులో ఆ అవసరం లేదు. నలత. ఏమైందో తెలీదు, ఒంట్లో బాలేదు, అంతే. సెల్యే జీవితమంతా పరిశోధించింది నలతని అంటే పెద్దగా తప్పు లేదు.

తర్వాత మెక్‌గిల్‌లో ఎలుకలు. అండాశయాల రసం ఎక్కిస్తే మూడు మార్పులు కనిపించాయి. అడ్రినల్ గ్రంథి పైపొర ఉబ్బింది, థైమస్ ముడుచుకుపోయింది, కడుపులో పుళ్లు పడ్డాయి. కొత్త హార్మోను దొరికిందని సంబరపడ్డాడు. అనుమానం వచ్చి ఫార్మలిన్ ఎక్కించి చూస్తే అవే మూడు. చలిలో పెట్టినా అవే, అలిసిపోయేదాకా పరిగెత్తించినా అవే. సంబరం దిగులైంది. ఆ దిగుల్లోంచి పాత వార్డు గుర్తుకు రావడం పుస్తకంలో మంచి మలుపు. కోడ్ రాసేవాళ్లకి ఈ తర్కం కొత్త కాదు: ఏ ఇన్‌పుట్ ఇచ్చినా ఒకే ఎర్రర్ వస్తుంటే ఇన్‌పుట్‌ని అనుమానించడం మానేస్తాం, దాన్ని అందుకుంటున్నదేదో చూస్తాం. 1936 జూలైలో నేచర్ పత్రికలో దీని మీద ఒక చిన్న ఉత్తరం అచ్చయింది. అందులో స్ట్రెస్ అన్న మాటే లేదు.

మాట తర్వాత వచ్చింది, దానితోపాటే అందరూ చెప్పుకునే ముచ్చటా వచ్చింది. తన ఇంగ్లీషు ఇంకొంచెం బాగుండి ఉంటే దీనికి స్ట్రెయిన్ అని పేరు పెట్టేవాణ్నని సెల్యే ముసలితనంలో అంటుండేవాడు. ఫిజిక్సులో స్ట్రెస్ అంటే కారణం, స్ట్రెయిన్ అంటే ఫలితం. తను చూసింది ఫలితాన్ని, పెట్టింది కారణం పేరు అని. ఈ ముచ్చటని సైకాలజీ పుస్తకాలు ముసిముసిగా నవ్వుతూ చెప్తాయి: పాపం, ఇంగ్లీషు రాని హంగేరియన్. వెబ్‌లో రెఫరర్ అనే హెడర్‌కి ఎప్పుడో ఎవరో ఒక అక్షరం తక్కువ రాశారు, ప్రపంచమంతా ఇప్పటికీ ఆ తప్పు స్పెల్లింగుతోనే నడుస్తోంది. ఇదీ అలాంటిదే అన్నమాట.

నాకు ఈ ముచ్చట మీద నమ్మకం లేదు. అతను అలా అనలేదని కాదు, అనవసరంగా తప్పు ఒప్పుకున్నాడని. ఇంజనీరింగ్‌లో స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ చదివినవాళ్లు ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఇనుపకడ్డీని వేలాడదీసి కింద బరువు కడతాం. ఆ బరువు లోడ్. దానికి ఎదురుగా కడ్డీ లోపల పుట్టే బలాన్ని మధ్యచ్ఛేద వైశాల్యంతో భాగిస్తే వచ్చేది స్ట్రెస్. కడ్డీ ఎంత సాగిందన్న నిష్పత్తి స్ట్రెయిన్. ఉన్నవి రెండు కాదు, మూడు. స్ట్రెస్ బయటినుంచి వచ్చేది కాదు, లోపల పుట్టేది. ఇంటర్ తెలుగు మీడియం పుస్తకంలో ఇది ఇంకా స్పష్టంగా ఉంటుంది: స్ట్రెస్ అంటే ప్రతిబలం, స్ట్రెయిన్ అంటే వికృతి. ప్రతిబలం! ఏ కోరిక మీద పడినా శరీరం ఇచ్చే ఒకే రకం జవాబు అని సెల్యే దేన్నైతే నిర్వచించాడో దానికి ఇంతకన్నా మంచి మాట దొరకదు. అతని మూడు దశల్లో మధ్యదాని పేరు ప్రతిఘటన. మూడోది, శరీరం చేతులెత్తేసేది, అప్పుడు వికృతి. స్ట్రెయిన్ అని పేరు పెట్టి ఉంటే ప్రతిఘటించే శరీరం పోయి, వంగిపోయిన శరీరం మాత్రమే మిగిలేది. (పైగా మనోళ్లు దాన్ని అనువదించి ఉంటే, ఈ వారం రిలీజు ఉంది, చాలా వికృతిగా ఉంది అని మెసేజ్‌లు పెట్టుకోవాల్సి వచ్చేది.)

ఇందులో అతని తల్లిదండ్రుల భాషల పాత్ర కూడా ఎంతో కొంత ఉంది. హంగేరియన్‌లో ఇంజనీర్ల స్ట్రెస్‌ని ఫెసుల్ట్‌షేగ్ అంటారు. కరెంటు వోల్టేజీ కూడా అదే మాట. బిగుసుకుపోయిన మనిషి మనఃస్థితి కూడా అదే. కడ్డీకీ తీగకీ మనిషికీ ఒకటే మాట ఉన్న భాషలో పెరిగినవాడికి, మెకానిక్స్ నుంచి ఒక మాట తెచ్చి ఎలుకకి అంటించడం పెద్ద దూకుడనిపించదు. అలాగని ఇది ఒక్క హంగేరియన్ గొప్పే కాదు. హార్వర్డ్‌లో వాల్టర్ కానన్ 1935లోనే ఒక వ్యాసానికి శీర్షికగా స్ట్రెస్సులూ స్ట్రెయిన్లూ రెండిటినీ పక్కపక్కన పెట్టాడు.

మరి హంగేరియన్లు ఏం చేశారు? చేతిలో ఫెసుల్ట్‌షేగ్ ఉండగా ఇంగ్లీషు మాటనే తిరిగి తీసుకున్నారు. వాళ్ల లిపిలో ఎస్ అక్షరం శ్‌లా పలుకుతుంది కాబట్టి అది ష్ట్రెస్ అయింది. ఫ్రెంచివాళ్లూ దానికి లింగం ఏదిపెట్టాలని వాదించుకుని చివరికి అలాగే ఉంచేసుకున్నారు. ఒక హంగేరియన్ ఇంగ్లీషుకిచ్చిన అర్థం హంగేరియన్‌లోకి ఇంగ్లీషు మాటగా తిరిగొచ్చిందన్నమాట.

హంగేరియన్ నుంచి ఇంగ్లీషు మనస్తత్వశాస్త్రంలోకి వెళ్లేవాడు దారిలో ఏం వదిలేస్తాడో చూస్తే ఇది ఇంకా అర్థమవుతుంది. యాంగ్జయిటీకి వాళ్ల మాట సొరొంగాష్, ఇరుకులో బిగుసుకోవడం అనే క్రియలోంచి పుట్టింది. లాటిన్‌లో యాంగ్జయిటీ పుట్టుకా పీక బిగుసుకోవడంలోనే, కానీ ఇంగ్లీషువాడికి ఆ బిగుతు ఇప్పుడు వినపడదు. తట్టుకోలేక మనసు చెదిరిపోవడాన్ని కిబొరుల్ అంటారు, గిన్నె ఒరిగి ఉన్నదంతా ఒలికిపోయినట్టు. ఈగోకి వాళ్లు వాడేది ఏన్, అంటే ఉత్త నేను. సూపర్ ఈగో, నాకు పైనున్న నేను. ఫ్రాయిడ్ జర్మన్‌లో రాసిందీ నేను అనే. ఇంగ్లీషు అనువాదమే దానికి లాటిన్ కోటు తొడిగింది. మనం ఆ కోటుకి సంస్కృతం జరీ అంచు వేసి అహం అన్నాం. అహం అంటే సంస్కృతంలో నేను అనే, కానీ తెలుగులో ఎవడికైనా అహం ఉందంటే అర్థం పొగరు. పేపర్లో యాంగ్జయిటీకి ఆందోళన అని రాస్తారు, కలెక్టరేట్ ముందు టెంటు వేసుకుని కూర్చోవడానికీ అదే మాట. బెంగ, దిగులు, గుబులు, తెలంగాణలో రంది, మనాది ఇన్ని ఉన్నా సైకియాట్రిస్టు ఎదురుగా కూర్చునేసరికి నోట్లోంచి ఇంగ్లీషే వస్తుంది. దీన్ని బానిస బుద్ధి అని తిట్టేవాళ్లతో నేను లేను. దిగులంటే అమ్మ ఓదారుస్తుంది, డిప్రెషన్ అంటే సెలవు దొరుకుతుంది. రెండు మాటలకీ వేరే వేరే పనులున్నాయి.

కోపింగ్ అనే మాట దగ్గర మూడు భాషలూ మూడు దారులు పట్టడం నాకు మరీ ఇష్టం. ఇంగ్లీషులో అది ఎలాగో సంభాళించుకోవడం. హంగేరియన్‌లో మెగ్‌కుజ్‌డేష్, లోపల ఉన్న క్రియ పోరాడటం. తెలుగులో? తట్టుకోవడం. ఇంకా నిజం చెప్పాలంటే, నెట్టుకురావడం. ఎలా ఉన్నావురా అంటే ఏదో నెట్టుకొస్తున్నా అంటాం. బండి పాడైంది, కానీ దిగి వెనకనుంచి తోస్తున్నాం.

సెల్యే దగ్గరికి వద్దాం. స్ట్రెస్‌ని లోపలి జవాబుకి వాడేశాక బయటి కారణానికి పేరు లేకుండా పోయింది. దానికి స్ట్రెసర్ అని ఒక మాట పుట్టించాడు. వేరియబుల్ పేరు ముందు పెట్టేసి, తర్వాత గందరగోళం తప్పించడానికి ఇంకో వేరియబుల్ చేర్చినట్టు. జనం ఆ రెండోదాన్ని పట్టించుకోలేదు. కారణమూ స్ట్రెస్సే, జవాబూ స్ట్రెస్సే, దెబ్బా స్ట్రెస్సే. ఆ రోజుల్లోనే బ్రిటిష్ డాక్టరొకాయన దీన్ని ఎద్దేవా చేశాడు, ఇది తనకి తనే కారణమూ తనకి తనే ఫలితమూ అయిన పదార్థమని. పుస్తకం రెండో సగంలో సెల్యే కూడా ఈ మూడింటి మధ్యా జారిపోతూనే ఉంటాడు. ఎలుకల దగ్గర ఉన్నంత సేపూ వాక్యం బిగువుగా ఉంటుంది. మనుషులు ఎలా బతకాలో చెప్పడం మొదలెట్టాక సడలిపోతుంది. 1974లో వచ్చిన 'స్ట్రెస్ వితౌట్ డిస్ట్రెస్' మొత్తం ఆ సడలిన వాక్యమే. పరోపకారంతో కూడిన స్వార్థం అని ఒక సిద్ధాంతం చెప్తాడు, ప్రకృతి నుంచి నేరుగా తెచ్చానంటాడు. కణాల సహకారం నుంచి పొరుగువాడి ప్రేమ సంపాదించడం దాకా ఒక్క గెంతు. ఎలుకల దగ్గర ఫార్మలిన్ తెచ్చి తన ఊహనే తను పరీక్షించుకున్నవాడు ఇక్కడ దేన్నీ పరీక్షించడు.

ఈ జారుడు ఎవరికి పనికొచ్చిందో చూస్తే పుస్తకం మీద కోపం వస్తుంది. 1969లో కెనడా పార్లమెంటు కమిటీ పొగాకు ప్రకటనల మీద ఆంక్షలు పెట్టాలా అని విచారిస్తుంటే, సెల్యే వెళ్లి ఆంక్షలకి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాడు. స్ట్రెస్ నుంచి మనసు మళ్లించుకోవడానికి సిగరెట్టు కొందరికి మేలే చేస్తుందన్న వాదన. పొగాకు కంపెనీల నుంచి అతని పరిశోధనకి డబ్బు అందిన సంగతి తర్వాత ఆ కంపెనీల కాగితాలు బయటపడినప్పుడు తేలింది. గుండెజబ్బుకి కారణం స్ట్రెస్ అని చెప్పగలిగితే సిగరెట్టు పక్కకి తప్పుకుంటుంది. కారణానికీ ఫలితానికీ ఒకే పేరున్న మాట ఇలాంటి పనికి ఎంత బాగా నప్పుతుందో!

మా రంగంలో ఇది రోజూ చూస్తాం. ఒకచోట ఆరుగురి పని నలుగురి మీద పడ్డ మూడో నెలలో అందరికీ ఒక గంట స్ట్రెస్ మేనేజ్‌మెంట్ సెషన్ పెట్టారు. శ్వాస మీద ధ్యాస, కళ్లు మూసుకోండి. చెప్పినావిడ మంచిదే, శ్వాస వల్ల కొంత హాయిగానూ ఉంది. కానీ ఆ గంటలో ఒక్కసారి కూడా లోడ్ అనే మాట రాలేదు. సర్వర్ల విషయంలో మాత్రం మాకు ఏ సందేహమూ లేదు: వాటికి లోడ్ బ్యాలన్సింగ్ చేస్తాం. ఒక మిషన్ మీద ఎక్కువ పడితే ఇంకో మిషన్ తెస్తాం గానీ, ఉన్న మిషన్‌ని ధ్యానం చెయ్యమనం. కడ్డీ ఉదాహరణలో మూడు మాటలుండేవి కదా, బరువు, ప్రతిబలం, వికృతి. మన వాడుకలో మొదటిది వాక్యంలోంచి జారిపోయింది. మిగిలింది నీ స్ట్రెస్, నువ్వే మేనేజ్ చేసుకో.

తెలుగులో ఒత్తిడి అన్నప్పుడు ఇది అంత తేలిగ్గా జారిపోదని నాకనిపిస్తుంది. ఒత్తిడి అనగానే ఒత్తేవాడెవడు అన్న ప్రశ్న వ్యాకరణమే అడుగుతుంది. పని ఒత్తిడి, ఇంట్లో ఒత్తిడి, అప్పులవాళ్ల ఒత్తిడి. ముందొక మాట లేకపోతే వినడానికి వెలితిగా ఉంటుంది. శాస్త్రపరంగా అది సెల్యే చెప్పినదానికి సరైన అనువాదం కాదు, అతని స్ట్రెసర్‌కి అనువాదం. అయినా సరే, పేపర్లవాళ్లు దాన్ని మార్చకపోతేనే నయం.

'ది స్ట్రెస్ ఆఫ్ లైఫ్'లో ప్రాగ్ నుంచి ఎలుకల దాకా ఉన్న భాగం చదవండి, తర్వాతది తిరగేస్తే చాలు. పరాయి భాషలో ఇంత సూటిగా రాయడం ఎలాగో కూడా అక్కడ తెలుస్తుంది. ఒక్క మాట కూడా గొప్పకి వాడడు. హంగేరియన్ అనువాదానికి పెట్టిన పేరు 'మన జీవితమూ ష్ట్రెస్సూ'. ఇంగ్లీషు పేరులో స్ట్రెస్ జీవితానికి చెందినది, హంగేరియన్‌లో రెండూ విడివిడిగా పక్కపక్కన నిలబడ్డాయి. అతను పెరిగిన ఊళ్లో, ఇప్పుడు స్లొవేకియాలో ఉన్న కొమార్నోలో, 2004లో హంగేరియన్ మాధ్యమంలో ఒక యూనివర్సిటీ పెట్టారు. దాని పేరులో ఇంటిపేరు మళ్లీ ముందుకొచ్చింది: షెయె యానోష్.