నలుపు తల్లిది

ఏలూరులో సారె సున్నుండలు ఏటేటా తెల్లబడుతున్నాయి. మినపగుళ్లతో చేస్తే చూడముచ్చటగా ఉంటాయంటారు. మా ఇంట్లో ఇప్పటికీ నల్ల మినుములనే దోరగా వేయించి, పొట్టుతోనే పిండి పట్టిస్తాం. చేదు అని పిల్లలు మూతి ముడిస్తే ఇంకొంచెం బెల్లం వేస్తాం.

ఆ చేదులోనే అసలు సరుకుంది. పొట్టులోని టానిన్లు అనే వగరు పదార్థాలు, ఆంథోసయనిన్లు అనే రంగులు గింజకు కాపలా. ఆక్సీకరణను అడ్డుకునే గుణం వాటిది. మిల్లులో ఆ పొట్టంతా పశువుల దాణాకు పోతుంది. గేదెలది అదృష్టం!

ఇంతకీ పొట్టు తల్లి మొక్క కణజాలం, లోపలి పప్పు బిడ్డ. రంగు తయారుచేసే జన్యువులు రెండింటిలోనూ ఉన్నా, పనిచేసేది పొట్టులోనే. వాటికి ఆజ్ఞలిచ్చే జన్యువులు వేరే ఉంటాయి. ఉదాహరణకు, తెల్లపూల బఠాణీకి గింజ తోలు కూడా రంగులేకుండా ఉంటుందని జన్యుశాస్త్ర పితామహుడు మెండెల్ 1866 నాటి వ్యాసంలోనే రాశాడు. కారణం 2010లో దొరికింది: అలా ఆజ్ఞలిచ్చే ఒక జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారింది. రంగు తయారుచేసే జన్యువులన్నీ క్షేమం, పిలిచే నాథుడే లేడు.

పొట్టులోని ఈ రంగుల కోవకే చెందిన ఫ్లేవనాయిడ్లు అనే రసాయనాలను అపరాల వేళ్లు మట్టిలోకి వదులుతాయి. ఆ జాడ పట్టుకుని రైజోబియం అనే బాక్టీరియా వచ్చి వేళ్లలో బుడిపెలు కట్టి, గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు పదునులో చల్లిన మాగాణి మినుము దుక్కి లేకుండా పండడానికి ఇదీ ఒక అండ.

అయినా మినుము విత్తనం కొనేటప్పుడు పల్లాకు తెగులును తట్టుకుంటుందా, ఎన్ని బస్తాలు వస్తాయి అని అడుగుతాం. పొట్టులో ఏముందని ఏ రైతూ అడగడు, అడిగినా ధర పెరగదు. టానిన్లు మితిమీరితే ఇనుము ఒంటికి పట్టదు కాబట్టి నలుపు పెంచుకుంటూ పోవడమూ తెలివి కాదు. అవి ఎంత ఉండాలో తేల్చాల్సింది కొత్త వంగడాలు రూపొందించే శాస్త్రవేత్తలే. మినుము రకాలకు పేరుపడ్డ గుంటూరు లాం పరిశోధన కేంద్రమూ, ఇలాంటి రంగే ఉన్న ఊదారంగు చిక్కుడు విషయంలో తాడేపల్లిగూడెం పక్కన వెంకటరామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయమూ కొత్త రకం విడుదల చేసేటప్పుడు దిగుబడి పక్కన ఈ టానిన్లు, రంగుల లెక్క కూడా అచ్చువేయాలి. రైతులూ అడగాలి.