కూలి లెక్కలో లేని వేకువ

డిగ్రీ రెండో సంవత్సరం తరగతిలో ఒక కూలీ కథ పాఠం చెప్తున్నాను. నాట్లు వేసిన ఆడవాళ్లు సాయంత్రం కూలి కోసం దొర వాకిట్లో నిలబడతారు. దొర తక్కువ ఇస్తాడు. ఒకామె ఎదురు తిరుగుతుంది. వర్గ చైతన్యం, స్త్రీ చైతన్యం అని నేను బోర్డు మీద రాస్తుంటే వెనక బెంచీలోంచి ఒకమ్మాయి అడిగింది: "వాళ్లు రోజు కూలికి పోయిండ్రా, గుత్తకు పోయిండ్రా మేడమ్?"

కథలో ఆ సంగతి లేదు. ఉండాలని నాకెప్పుడూ తోచలేదు కూడా. "ఏదైతే ఏమమ్మా?" అన్నాను.

"గుత్తకైతే మా అమ్మను రానియ్యరు మేడమ్. నడుం నొప్పితోని జర మెల్లగ నాటుతది."

శ్రామిక సాహిత్యం మీద డాక్టరేట్ చేసిన నేను ఆ మాటకు జవాబు చెప్పలేకపోయాను.

రోజు కూలి అంటే పొద్దుకి ఇంత. గుత్త అంటే ఎకరానికి ఇంత. గుంపుగా ఒప్పుకుని చీకటితోనే మడిలో దిగి, వచ్చిన డబ్బు సమానంగా పంచుకుంటారు. రైతుకు అదును తప్పదు, గట్టు మీద నిలబడి అదిలించే పని తప్పుతుంది. ఆడవాళ్లకు రోజు కూలికన్నా నాలుగు డబ్బులు ఎక్కువ ముడతాయి, నెత్తిన ఎవడి అజమాయిషీ ఉండదు. అందుకే చాలామంది గుత్తనే కోరుకుంటారు. అర్థశాస్త్రం దీన్ని ఉత్పాదకత పెరగడం అంటుంది. అది అబద్ధం కాదు. కానీ రైతు మానేసిన అదిలింపును గుంపులోని ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు తీసుకుంటారు. నిండు నెలల మనిషిని, పాలిచ్చే తల్లిని, నడుం పోయిన పెద్దామెను "ఈ యేడు నువ్వు రాకు వదినా" అనాల్సింది వాళ్లే. దొర లేని ఈ సన్నివేశం నేను చదివిన కథల్లో దాదాపు కనబడలేదు.

1922 నాటి 'మాలపల్లి'లో ఉన్నవ లక్ష్మీనారాయణ ఈ లెక్కను పట్టించుకున్నారు. ధాన్యం ధరలు పెరిగిన కాలంలో గింజల కూలి మాని డబ్బు కూలి ఇస్తామనడం అందులో తగువుకు కారణం. కూలి ఎంత అన్నదే కాదు, ఏ రూపంలో అన్నది కూడా అక్కడ కథను నడిపింది. తర్వాత నేను చదివిన చాలా కథల్లో కూలి తక్కువివ్వడమో ఎగ్గొట్టడమో ఉంటుంది, దాన్ని ఎలా లెక్కకట్టారన్నది ఉండదు. కథ పొలంలో మొదలై దొర వాకిట్లో ముగుస్తుంది. మేస్త్రి హాజరు వేసే కాలమే మన కథాకాలం కూడా అయింది.

ఆ కాలానికి ముందు ఏం జరుగుతుంది? పేద దేశాల్లో కూలి పెరిగితే తిండి మెరుగై, దానితో పనీ పెరుగుతుందని 1957లో హార్వీ లీబెన్‌స్టీన్ అనే ఆర్థికవేత్త వాదించాడు. ఏడాది పొడుగునా ఒకే మనిషిని పెట్టుకున్నవాడికి ఆ వాదం నచ్చవచ్చు. తాత్కాలిక కూలీల సంతలో ఎవరికి నచ్చుతుంది? ఈ రోజు నేను పెట్టిన తిండి బలం రేపు పక్క రైతు పొలంలో ఖర్చవుతుంది. కాబట్టి రేపటి బలానికి ఎవరూ పైసా పెట్టరు. ఆ బలాన్ని వేకువన పొయ్యి ముందు కూర్చున్న ఆడమనిషి తయారుచేస్తుంది. మొగుడికి, పిల్లలకు పెట్టి, మిగిలింది సద్ది కట్టుకుని తాను మడికి పోతుంది. ఆ అమ్మాయి తల్లి నడుం ఈ రెండు పనులకూ అరిగింది. కూలి ముట్టింది ఒకదానికే. తగ్గిందంటున్న 'ఉత్పాదకత'లో ఈ అరుగుదల ఎక్కడుంది?

మంచి ఉద్దేశంతో వచ్చిన చట్టాలకూ ఈ చిక్కు ఉంది. ఏడు గంటలు పనిచేసిన మనిషికి మామూలుగా నిర్ణీత వేతనం పడేలా రేట్లు ఉండాలని 2005 ఉపాధి హామీ చట్టం మొదటి షెడ్యూలులో రాశారు. ఆడా మగా సమాన కూలి అన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ పనులకు ఆడవాళ్లే ఎక్కువగా వచ్చారు. అయితే టేపు పట్టింది గుంతకు. దూరానికి, ఎత్తుకు వేరే రేట్లున్నా, తట్ట మోసినామె పని గుంత పొడవు వెడల్పుల్లోనే కలిసిపోయింది. 2025 డిసెంబరులో దాని స్థానంలో వేరే చట్టం చేశారు. కొలత ప్రశ్న మాత్రం మిగిలే ఉంది.

ఇంత రాస్తున్న నేను గెస్ట్ లెక్చరర్ని. పీరియడ్‌కి ఇంత అని ఇస్తారు. దాని పేరు గౌరవ వేతనం. రాత్రి పాఠం తయారుచేసుకోవడం, పేపర్లు దిద్దడం లెక్కలోకి రావు, సెలవుల్లో డబ్బులుండవు. అయినా నా నడుమూ ఆమె నడుమూ ఒకటి కాదు. నా చదువు, నా కులం, ఇంట్లో ఇంకొకరి నెల జీతం నన్ను కాస్తున్నాయి. పోలిక ఒక్కచోటే ఉంది. కిందటేడు మా సహోద్యోగి కాన్పుకి వెళ్తే ఆమె పీరియడ్లు మాకు పంచారు. నేను ఆరు తీసుకున్నాను. ఆమె తిరిగొచ్చేసరికి ఆమెకు పీరియడ్లు లేవు. నేను అడగలేదు, నా ఆరూ వదులుకోలేదు. గుత్త గుంపులో ఉన్నది నేనే.

దొరను ఎదిరించిన స్త్రీని మనం బాగా రాశాం. తోటి ఆడమనిషిని "రాకు" అన్న స్త్రీని, అలా అనక తప్పని లెక్కను రాయడం ఇంకా బాకీ ఉంది. ఆ కథను మళ్లీ పాఠం చెప్పే ముందు ఆ అమ్మాయిని అడిగాను, మరి మీ అమ్మ ఇప్పుడు ఏ పనికి పోతోందని.

"పత్తి ఏర పోతది మేడమ్. అది కిలోల లెక్క. ఎవరి సంచి వాళ్లదే, ఎవరూ వద్దనరు."