చేతికి తెలిసిన దుఃఖం

వీడియో గేమ్ ఆడుతూ ఏడ్చానని చెప్పుకోవడానికి మన కుర్రాళ్లకు నామోషీ. సినిమా చూసి కళ్లు తుడుచుకుంటే ఎవరూ ఏమీ అనరు. కర్ణుడు చనిపోయే రాత్రి వీధి నాటకం చూస్తూ పెద్దాయన పైపంచెతో ముఖం కప్పుకుంటే గౌరవంగా పక్కకు తిరుగుతాం. ఫోన్ పట్టుకుని అరుగు మీద కూచున్న పిల్లాడి కళ్లు చెమర్చితే మాత్రం 'ఏమిరా, ఓడిపోయినావా?' అని అడుగుతాం. వాడు ఓడిపోయి ఉండడు. చాలాసార్లు గెలిచిన చోటే ఏడుపొస్తుంది. ఆట తయారుచేసినవాళ్లు ఆ ఏడుపును ఏ పనితనంతో రప్పిస్తారో చెప్పుకోవడానికి అత్తిమంజేరిపేట కంటే తగిన ఊరు నాకు తోచదు.

తిరుత్తణి నుంచి పళ్లిపట్టు వైపు, ఆంధ్ర సరిహద్దు పక్కనే ఉన్న నేత ఊరు ఇది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. సరిహద్దు తగువులో పటాస్కర్ ఇచ్చిన తీర్పు ప్రకారం 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకాలో ఎక్కువ భాగం చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి పోయింది. సరిహద్దు గీత మారినా అటూ ఇటూ ధర్మరాజుల గుళ్లు మిగిలాయి, వాటి దగ్గర జరిగే భారతం మిగిలింది. ఈ వ్యాసానికి ఆ భారతం కావాలి. దానికంటే ముందు ఒక ఆటను దగ్గరగా చూడాలి.

'బ్రదర్స్: ఎ టేల్ ఆఫ్ టూ సన్స్' 2013లో వచ్చింది. స్వీడన్‌లోని స్టార్‌బ్రీజ్ సంస్థ తయారుచేసింది. దర్శకుడు జోసెఫ్ ఫారెస్ అంతకుముందు సినిమాలు తీసినవాడు. కథ చిన్నది. తండ్రికి జబ్బు చేసింది, మందు ఎక్కడో దూరాన ఒక మహావృక్షం దగ్గర ఉంది. అన్నదమ్ములిద్దరూ బయల్దేరతారు. తల్లి నీళ్లలో మునిగి చనిపోయింది. తమ్ముడు దాన్ని కళ్లారా చూశాడు, అప్పట్నుంచి వాడికి నీళ్లంటే భయం. ఏరు దాటాల్సి వస్తే అన్న వీపు పట్టుకుని వేలాడతాడు. వాళ్లు మాట్లాడుకునేది ఏ దేశపు భాషా కాదు, అయినా గొంతును బట్టి అన్నీ అర్థమవుతాయి.

అసలు పనితనం చేతుల్లో ఉంది. ఆడేది ఒక్కరే, నడిపేది ఇద్దరినీ. కంట్రోలర్‌లో ఎడమ పక్క పుల్ల, మీట అన్నవి. కుడి పక్కవి తమ్ముడివి. మొదట్లో అంతా తికమక. ఒకడు గోడకు కొట్టుకుంటాడు, ఇంకొకడు వెనక్కి నడుస్తాడు. కాసేపటికి ఎడమ చెయ్యే అన్న అయిపోతుంది, కుడి చెయ్యి తమ్ముడు. బరువు లాగాలంటే ఎడమ, సందులో దూరాలంటే కుడి. మనం ఆలోచించేలోపే వేళ్లు పని కానిచ్చేస్తాయి. కథ చివరికొచ్చేసరికి అన్న చనిపోతాడు. తమ్ముడే గుంటలోకి లాగి మట్టి కప్పాలి. కప్పేదంతా కుడి చెయ్యి. ఎడమ చెయ్యి పుల్ల మీద ఊరికే ఉంటుంది. ఆ సమాధి పక్కన నాకు గొంతు పట్టేసింది మట్టిని చూసి కాదు, పని లేకుండా పోయిన నా బొటనవేలిని చూసి.

ఇంటిదారిలో వాన, పొంగిన ఏరు. తమ్ముడు గట్టున నిలబడ్డాడు. కుడి మీట నొక్కితే నీళ్లలో దిగలేక వెనక్కి తగ్గుతాడు. ఏం చెయ్యాలో తెర మీద ఎక్కడా రాయరు. నొక్కి నొక్కి విసిగిపోయాక ఒక క్షణాన వేలు ఎడమ మీట మీద పడుతుంది. అన్న మీట అది. పిల్లాడు నీళ్లలో దిగి ఈదుతాడు.

సినిమాలో ఇదే సంగతి చెప్పాలంటే అన్న రూపం మసకగా కనిపించాలి, వెనకనుంచి గొంతు వినిపించాలి. ఇక్కడ ఏమీ అక్కర్లేదు. ఆడేవాడి చేతికి ముందు ఒక అలవాటు నేర్పారు, తర్వాత దాన్ని తెంచారు, చివర ఆ తెగిన కొసను వాడంతట వాడే వెతికి పట్టుకునేలా చేశారు. కళ్లకంటే ముందు చేతికి తెలిసే దుఃఖం ఇది.

ఇక భారతం. అమెరికా పండితుడు ఆల్ఫ్ హిల్టెబైటెల్ ఇలాంటి గుళ్లలో సాగే ద్రౌపది ఆరాధన మీద 1988, 1991లలో రెండు సంపుటాలు రాశాడు. ఆ పుస్తకాల సంగతి తెలియకపోయినా తిరుత్తణి, చిత్తూరు సీమల్లో పుట్టినవాళ్లకు భారతం ఏమిటో చెప్పక్కర్లేదు. 18 రోజుల ఉత్సవంలో పగలు కథ వినిపిస్తారు, రాత్రి నాటకం ఆడతారు. తెలియని మలుపు ఒక్కటీ ఉండదు. అయినా జనం కదిలిపోతారంటే కారణం వాళ్లను చూసేవాళ్లుగా ఉండనివ్వకపోవడమే. అర్జున తపస్సు నాడు వేషధారి ఎత్తైన తపస్సు మాను ఎక్కుతాడు. పైనుంచి విసిరే నిమ్మకాయ కోసం, పూల కోసం పిల్లల్లేని ఆడవాళ్లు కింద కొంగు పట్టి నిలబడతారు. ఆ ఘడియలో వాళ్లు కూడా కథలో ఉన్నవాళ్లే. చివర్న కంకణం కట్టుకున్నవాళ్లు అగ్నిగుండం తొక్కుతారు.

నన్ను ఎప్పుడూ పట్టి నిలిపేది వస్త్రాపహరణం రాత్రి. చీర మీద చెయ్యి వెయ్యబోయే ముందు ఆట ఆగుతుంది. కర్పూరం వెలుగుతుంది. దుశ్శాసన వేషం కట్టిన మనిషి ద్రౌపదికి దండం పెట్టుకుంటాడు. వేషం దుశ్శాసనుడిదే కానీ చెయ్యి తనది. ఆ చెయ్యి చేసిన పనికి తాను జవాబు చెప్పుకోవాలన్న భయం అతనికుంది. 'ఇది ఉత్త ఆట కదా' అనే మాట అతని దగ్గర చెల్లదు.

వీడియో గేమ్‌కు గొప్పతనం వచ్చేది సరిగ్గా ఈ చోటే. బాణం వేసేదీ తలుపు తీసేదీ ఆడేవాడే. కాబట్టి సినిమా పుట్టించలేని ఒక భావాన్ని అది పుట్టించగలదు: నేనే చేశానన్న బాధ. జపాన్‌కు చెందిన ఫుమిటో ఉయెదా 2005లో 'షాడో ఆఫ్ ది కొలాసస్' తెచ్చాడు. చనిపోయిన ఒక అమ్మాయిని బతికించుకోవడానికి ఒక యువకుడు 16 మహాకాయ ప్రాణులను చంపాలి. వాటిలో కొన్ని మన జోలికి రావు, వాటి మానాన అవి తిరుగుతుంటాయి. మనమే పోయి, జుట్టు పట్టుకుని పైకెక్కి, కత్తి దించాలి. కొండంత ప్రాణి కూలుతుంది. మామూలు ఆటల్లో అప్పుడు బాకాలు మోగుతాయి. ఇక్కడ కో ఓటాని స్వరపరిచిన శోకగీతం మొదలవుతుంది. ఒక్కొక్క దాన్ని చంపుతున్నకొద్దీ ఆ యువకుడి ముఖం కళ తప్పుతూ వస్తుంది.

ఈ పద్ధతి మన దుర్యోధన వధకు ఎంత దగ్గరో చూడండి. నేల మీద మట్టితో దుర్యోధనుడి భారీ బొమ్మను పడుకోబెడతారు. భీముడు తొడ మీద కొడతాడు, అక్కడ దాచిన కుండ పగిలి ఎర్రనీళ్లు పారతాయి, ద్రౌపది ఆ నెత్తురుతో జుట్టు ముడుచుకుంటుంది. 18 రోజులు ఎదురుచూసిన గెలుపు అది. ఆ వెంటనే దుర్యోధనుడి వైపు ఆడవేషం వచ్చి శవం మీద పడి ఏడుస్తుంది. ఇంతసేపూ కొట్టు కొట్టు అని అరిచిన గొంతులు దించుకుంటాయి. చాలా ఊళ్లలో జనం ఆ బొమ్మ మట్టినే పిడికెడు ఇంటికి పట్టుకుపోతారు. శత్రువును చంపించి, ఆ వెంటనే అతనికోసం ఏడిపించే ఈ పనితనం మన పల్లెల్లో ఉయెదా పుట్టకముందే ఉంది.

అన్ని ఆటలూ తప్పు చేయించే ఏడిపించవు. జెనోవా చెన్ బృందం 2012లో తెచ్చిన 'జర్నీ'లో ఇసుక ఎడారిలో ముక్కూ ముఖం తెలియని ఇంకొక బాటసారి తారసపడతాడు. అతను ప్రపంచంలో ఎక్కడో కూచుని ఆడుతున్న నిజమైన మనిషి. పేరు కనిపించదు, మాట్లాడే వీలుండదు, ఒక చిన్న నాదం చెయ్యడం తప్ప. మొదట తయారుచేసిన నమూనాలో ఆడేవాళ్లు ఒకరినొకరు తోసుకునేవారట. అందుకని చెన్ ఆ బాటసారులు ఒకరినొకరు ఢీకొనే ఏర్పాటునే తీసేశాడు. ఆ తర్వాత పక్కపక్కన చేరితే ఇద్దరికీ ఎగిరే శక్తి వచ్చేట్టు చేశాడు. తోసేసే దారి మూసి ఆదుకునే దారి తెరిచాడు, అంతే. మంచుకొండ మీద ఇద్దరూ ఒకరినొకరు ఆనుకుని నడిచేటప్పుడు, పేరు తెలియని ఆ మనిషి వెనకబడితే ప్రాణం కొట్టుకుంటుంది. ఆట అయిపోయాక గానీ తోడు నడిచినవాళ్ల పేర్లు చూపించరు.

'దట్ డ్రాగన్, క్యాన్సర్' సంగతి ఎక్కువ రాయలేను. రయన్, ఎమీ గ్రీన్ దంపతులు క్యాన్సర్‌తో ఉన్న తమ కొడుకు జోయెల్ గురించి తయారుచేశారు. 2014లో జోయెల్ చనిపోయాడు, 2016లో ఆట వచ్చింది. ఆసుపత్రి గదిలో బిడ్డ ఏడుపు ఆపాలి. ఎత్తుకున్నా, తాగించబోయినా, ఊపినా ఏడుపు ఆగదు. ఏ మీట నొక్కినా ఫలితం లేని ఆట. కంటిపాప పక్కన రాత్రంతా కూచున్న ప్రతి అమ్మకూ నాయనకూ ఆ గది తెలుసు.

తయారీదారు అనుకోని చోటా గుండె ఆగుతుంది. 'రాలీస్పోర్ట్ చాలెంజ్' అనే కార్ల పందెం ఆట గురించి ఒక కుర్రాడు చెప్పుకున్న సంగతి లోకమంతా తిరిగింది. అందులో అందరికంటే తక్కువ సమయంలో దూసుకెళ్లిన కారు దారిని యంత్రం దాచుకుంటుంది. తర్వాత ఆడేవాళ్ల పక్కన అది నీడలా పరుగెడుతుంది. ఆ కుర్రాడికి ఆరేళ్లప్పుడు తండ్రి పోయాడు. చాలా ఏళ్లకు పాత యంత్రం పెట్టి చూస్తే తండ్రి కారు నీడగా ఇంకా తిరుగుతోంది. ఆడి ఆడి చివరికి దాన్ని దాటగలిగాడు. దాటి గీత తొక్కితే కొత్త నీడ వచ్చి పాతది చెరిగిపోతుంది. అందుకని గీత ముందే కారు ఆపేసేవాడు. ఈ సంగతి ఆధారంగా 'ప్లేయర్ టూ' అనే లఘుచిత్రం వచ్చింది. గెలుపును కావాలని వదులుకున్న ఆ చేతిని తలుచుకున్నప్పుడల్లా నాకు ఆట మీద గౌరవం పెరుగుతుంది.

ఫోన్‌లో వచ్చే ఆటలన్నీ ఇలాంటివని నేననడం లేదు. డబ్బు పెట్టి ఆడించే ఆన్‌లైన్ ఆటలను 2025లో కేంద్రం చట్టం చేసి నిషేధించింది, అది అవసరమే. మన భారతం మొత్తం ఒక జూదం వల్ల నడిచిన కథ. పాచికల ఆటకూ నేను చెబుతున్న ఆటలకూ పోలిక లేదు. అక్కడ చెయ్యి కదిలేది ఆశతో, ఇక్కడ ఇంకొకరి కష్టం తెలుసుకోవడానికి. ఆ తేడా పిల్లలకు చెప్పాల్సినవాళ్లు రెంటినీ ఒకే గాటన కట్టి ఫోన్ లాక్కుంటే పిల్లలు మంచివాటిని కూడా దాచుకుని ఆడతారు.

అత్తిమంజేరిపేటలో ప్రతి ఇంటా ఆడించాలని నాకు కోరికగా ఉన్నది 'వెణ్బా'. టొరంటోలోని విశై గేమ్స్ అనే చిన్న బృందం 2023లో తెచ్చింది. 1980ల చివర తమిళనాడు నుంచి కెనడా వెళ్లిన వెణ్బా, పావలన్, వాళ్ల కొడుకు కవిన్. ఆట చాలావరకు వంటింట్లో జరుగుతుంది. వెణ్బా దగ్గర వాళ్లమ్మ వంటల పుస్తకం ఉంది, కానీ కాగితాలు చిరిగి, అక్షరాలు చెదిరి ఉన్నాయి. ఇడ్లీ పెట్టాలంటే నీళ్లెప్పుడు పొయ్యాలో, పళ్లాలు ఎలా పేర్చాలో ఆ మిగిలిన ముక్కల్లోంచి మనమే ఊహించుకోవాలి. రేడియోలో పాటలు ఆయా కాలాల తమిళ సినిమా బాణీల్లో మోగుతుంటాయి. 2024లో దీనికి స్వతంత్ర ఆటల ఉత్సవం ఐజీఎఫ్‌లో అగ్ర బహుమతి, బాఫ్టాలో తొలి ఆట బహుమతి వచ్చాయి.

కొంతదూరం పోయాక మన చెయ్యి మారుతుంది. అంతదాకా తల్లిగా వండినవాళ్లం, ఇప్పుడు పెద్దవాడైన కవిన్‌గా అదే పుస్తకం తెరుస్తాం. అతనికి తమిళం అంతంతమాత్రం. కొన్ని మాటలు అందుతాయి, కొన్ని అందవు. తల్లి చేతికి అలవాటైన వంట కొడుకు చేతిలో తడబడుతుంది. 'బ్రదర్స్'లో ఎడమ చేతికి పట్టిన ఖాళీ ఇక్కడ అక్షరాలకు పడుతుంది.

ఈ ఊళ్లో ఆ ఖాళీ వేరే దిక్కునుంచి వచ్చింది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయి, ఏటా ఒక్కో తరగతికి పాకుతూ పదో తరగతికి చేరింది. సరిహద్దు ఇళ్లలో ఇప్పటి పిల్లలు తెలుగులో పోట్లాడతారు, తెలుగులో కలలు కంటారు, తెలుగు చదవలేరు. కవిన్ చదవలేని పుస్తకాన్ని వీళ్లు గడగడా చదువుతారు. తమ అవ్వ పాత నోటుబుక్కులో రాసుకున్న నూలు లెక్క, పండగ పిండివంటల కొలతలు మాత్రం వీళ్లకు గీతలూ సున్నాలూ. తమిళం వచ్చినందుకు నాకు సంతోషమే, అది గొప్ప భాష, ఈ నేల భాష. రెండో అక్షరం కూడా చేతిలో ఉండాలన్నదే నా బాధ. తమిళ తల్లీకొడుకుల ఆట ఆడుతూ ఒక తెలుగు పిల్లకు గొంతు పూడుకుపోయిందంటే ఆ పిల్ల ఎవరికోసం ఏడ్చిందో పెద్దవాళ్లు పక్కన కూచుని అడగాలి.

మన నేత ఇంటి మీద అలాంటి ఆట ఒకటి రావాలి. ఎడమ చేత్తో అవ్వ రాట్నం తిప్పి కండెలు చుడుతుంది, కుడి చేత్తో తాత నాడె విసురుతాడు. కండె అందకపోతే నాడె ఆగాలి, పోగు తెగితే ఇద్దరూ ఆగి ముడి వెయ్యాలి. ఏ చెయ్యి ఎప్పుడు ఖాళీ కావాలో కథ రాసేవాళ్లు తేల్చుకుంటారు. ఆటలు తయారుచేయడానికి గొడో లాంటి ఉచిత పనిముట్లు ఉన్నాయి, 'వెణ్బా' చేసినవాళ్లూ కొద్దిమందే. తిరువళ్లూరు జిల్లా ఇంజనీరింగ్ కాలేజీల్లో కోడింగ్ నేర్చుకుంటున్న పేట పిల్లలకు ఇది చేతనవుతుంది. కోడ్ తర్వాత రాసుకోవచ్చు. మరమగ్గాల చప్పుడులో గుంట మగ్గం మాటలు ఇంకా గుర్తున్న అవ్వలూ తాతలూ ఉండగానే వాళ్ల దగ్గర కూచుని, ఏ చెయ్యి ఏం చేసేదో అడిగి, తెలుగులోనే రాసుకుని రండి.