క్లిక్‌ కంటే ముందే రంగు

ఫిల్మ్ కెమెరాల రోజుల్లో ఫొటోగ్రాఫర్ ఇంట్లోంచి బయల్దేరేసరికే సగం నిర్ణయం అయిపోయేది. ఏ రీలు ఎక్కిస్తే ఆ 36 ఫొటోలకూ ఆ రంగే. కొండలకు, పొలాలకు ఒక రీలు. పెళ్లికూతురి ముఖానికి ఇంకొకటి. డిజిటల్ వచ్చాక ఆ నిర్ణయం కంప్యూటర్ ముందుకు వాయిదా పడింది. ముందు తీసేద్దాం, రంగుల సంగతి తర్వాత చూసుకుందాం అన్న అలవాటు పాతుకుపోయింది. డిజిటల్ కెమెరాలోనే ఫిల్మ్ రంగుల తీరును అనుకరించే ఫిల్మ్ సిమ్యులేషన్ ఆ నిర్ణయాన్ని మళ్లీ ఫొటో తీసే చోటికే తెస్తుంది. దాని అసలు విలువ అదేనని నా నమ్మకం.

1934లో ఫిల్మ్ తయారీతో మొదలైన జపాన్ సంస్థ ఫుజీఫిల్మ్ ఈ పద్ధతికి పేరు తెచ్చింది. సెన్సర్ పట్టిన వెలుతురును కెమెరా జేపెగ్‌గా మార్చేటప్పుడు ఏ రంగు ఎంత చిక్కబడాలో, నీడలు ఎంత ముదరాలో, వెలుగు ఎక్కడ మెత్తబడాలో ఒక్కో సిమ్యులేషన్ ఒక్కో తీరుగా తేలుస్తుంది. ఫోన్‌లో తర్వాత వేసే ఫిల్టర్‌కు దొరికేది జేపెగ్‌లో మిగిలిన సమాచారమే. సిమ్యులేషన్ మాత్రం సెన్సర్ ఇచ్చిన మొత్తం సమాచారం మీద పనిచేస్తుంది. అందుకే రంగుల మధ్య మెట్లు అంత నున్నగా వస్తాయి.

వీటిలో ప్రోవియా అన్నిటికీ సరిపోయే మధ్యే మార్గం. 1990లో వచ్చిన స్లైడ్ ఫిల్మ్ పేరు పెట్టుకున్న వెల్వియా పచ్చదనాన్ని, ఆకాశాన్ని చిక్కగా చూపిస్తుంది; ముఖాలను మాత్రం ఎర్రబారుస్తుంది. మనుషులకు ఆస్టియా, ప్రో నెగ్ స్టాండర్డ్ మేలు. 2014లో వచ్చిన క్లాసిక్ క్రోమ్ రంగులను అదుపులో పెట్టి నీడలను గట్టిపరుస్తుంది. వీధి ఫొటోలకు, పత్రికల ఫొటో కథనాలకు బాగా నప్పుతుంది.

గుంటూరు పల్లెల్లో కల్లంలో ఆరబోసిన మిరపకాయలనే తీసుకోండి. వెల్వియా పెట్టి తీస్తే తెర మీద కళ్లు చెదిరే ఎరుపు. దగ్గరకు జరిపి చూస్తే కాయ మీది ముడతలు మాయం. తొడిమ పక్కన మొదలయ్యే ముదురు ఎరుపుకూ, ఎండ తగిలిన వైపు లేత ఎరుపుకూ తేడా లేదు. ఎరుపు ఇక పెరగలేని హద్దుకు చేరి ఒకే ముద్దగా మిగిలిందన్నమాట. ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్‌లో మూడింట రెండు వంతులు తగ్గించి, కలర్‌ను మైనస్ 2కు దించండి. కొత్త కెమెరాల్లో ఉన్న కలర్ క్రోమ్ ఎఫెక్ట్‌ను స్ట్రాంగ్‌లో పెట్టండి. ఇలాంటి చిక్కటి రంగుల్లో ఛాయలు నిలపడానికే అది పుట్టింది. ముడతలు తిరిగొస్తాయి, కాయకు కాయ విడిగా కనిపిస్తుంది.

మన మిట్టమధ్యాహ్నపు ఎండకు డైనమిక్ రేంజ్ సెట్టింగ్ పెద్ద అండ. అరుగు మీద తెల్ల పంచెతో కూర్చున్న పెద్దాయనను తీస్తే పంచె మడతలు తెల్లగా కాలిపోతాయి, లేదా ముఖం నల్లబడుతుంది. ఆ సెట్టింగ్‌ను డీఆర్ 400లో పెడితే కెమెరా వెలుగును తక్కువగా పట్టి, తర్వాత నీడలను, మధ్యస్థ ఛాయలను పైకి లేపుతుంది. మడతలూ దక్కుతాయి, ముఖమూ దక్కుతుంది. ఇందుకు ఐఎస్ఓ పెంచాల్సి ఉంటుంది: కనీసం 200తో మొదలయ్యే కెమెరాలో 800 కావాలి. నీడల్లో కాస్త నాయిస్ కనిపించవచ్చు. ఆ పంచె మడతల కోసం ఆ మాత్రం ఇచ్చుకోవచ్చు.

2016లో ఫుజీ ఎక్స్ ప్రో 2 కెమెరాతో వచ్చిన నలుపు తెలుపు సిమ్యులేషన్ ఆక్రోస్. ఐఎస్ఓ పెరిగేకొద్దీ వచ్చే నాయిస్‌ను ఇది ఫిల్మ్ గ్రెయిన్‌లా మలుస్తుంది. దీనికి పసుపు, ఎరుపు, ఆకుపచ్చ ఫిల్టర్లు తోడు. ఎరుపు ఫిల్టర్ నీలాకాశాన్ని నల్లబరిచి మబ్బులను ఎత్తి చూపుతుంది. అదే ఫిల్టర్‌తో చామనఛాయ ముఖాన్ని తీస్తే ఉన్నదానికన్నా తెల్లబడుతుంది. మనిషి ఛాయ మనిషిదిగా ఉండాలంటే ఆకుపచ్చ ఫిల్టర్ వాడాలి. ఇది కేవలం సాంకేతిక విషయం కాదు, ఎదుటి మనిషికి ఇచ్చే మర్యాద.

కొత్తగా మొదలుపెట్టేవారు ఇంటర్నెట్‌లో దొరికే రెసిపీలన్నీ, అంటే సిమ్యులేషన్‌కు జతచేసే సెట్టింగ్‌ల కూర్పులన్నీ, ఒకేసారి ఎక్కించుకోవద్దు. ఒక సిమ్యులేషన్ ఎంచుకుని ఉదయపు ఎండలో, మబ్బు పట్టిన పూట, ట్యూబ్‌లైట్ కింద అదే వాడండి. జేపెగ్‌తో పాటు సెన్సర్ ఇచ్చిన సమాచారం ఉండే రా ఫైలునూ దాచండి. పెళ్లిలాంటి మళ్లీ రాని సందర్భాల్లో అది తప్పనిసరి. తీరిక దొరికినప్పుడు ఆ రా ఫైలును కెమెరాలోనే వేర్వేరు సిమ్యులేషన్లలోకి మార్చి పక్కపక్కన పెట్టుకోండి. ఏది ఏం ఇస్తుందో, బదులుగా ఏం తీసుకుంటుందో పుస్తకం కన్నా వేగంగా తెలుస్తుంది. నచ్చిన కూర్పును కస్టమ్ సెట్టింగ్‌గా భద్రపరచుకోండి.

ఫుజీ ఒక్కటే దారి కాదు. రికో జీఆర్‌లో పాజిటివ్ ఫిల్మ్ ఉంది, నికాన్‌లో పిక్చర్ కంట్రోల్ ఉంది. ఏది వాడినా సాధన ఒకటే: ఎదురుగా ఉన్న వెలుతురులో ఏది ముఖ్యమో తేల్చుకుని, మిగతాది వదులుకోవడానికి సిద్ధపడటం. రంగును ముందే ఎంచుకున్నవాడు తాను ఏం చూస్తున్నాడో ముందే తేల్చుకుంటాడు. ఏ ఎడిటింగ్ సాఫ్ట్‌వేరూ ఆ పని మన బదులు చేసిపెట్టలేదు.