నలుపనుకున్న నీలం

1970 మార్చి 7న అమెరికా తూర్పు తీరంలో సూర్యగ్రహణం పట్టింది. వాషింగ్టన్‌లో ఉంటున్న ఆల్మా థామస్ ఆ ఏడాదే 'ది ఎక్లిప్స్' చిత్రం వేసింది. అప్పటికామెకు 78 ఏళ్లు. నల్లజాతి స్త్రీ. 35 ఏళ్లు ఒకే బడిలో పిల్లలకు బొమ్మలు నేర్పి, 1960లో రిటైరయ్యాకే పూర్తికాలం చిత్రకారిణి అయింది.

ఆ రోజు వాషింగ్టన్‌లో కనిపించింది పాక్షిక గ్రహణమే. కాన్వాసు మీద మాత్రం చీకటి వృత్తం నిండుగా ఉంది, నడిమధ్యన కాక ఓ పక్కకు జరిగి. దాని చుట్టూ చిన్న చిన్న రంగు ముక్కలు వలయాలుగా పరుచుకున్నాయి: నీలం, ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు. ముక్కకీ ముక్కకీ మధ్య తెల్లటి సందు. ఆ సందుల వల్లే వలయాలు కదులుతున్నట్టుంటాయి. చివరి వలయాలు కాన్వాసు అంచు దాటిపోతాయి. మనకు చూపిస్తున్నది ఆకాశంలో ఒక ముక్కే.

గ్రహణానికి భయాన్ని అంటగట్టడం లోకానికి అలవాటు. అది ఎవరి చావుకో పుట్టుకకో పట్టదనీ, అల్లా సూచనల్లో ఒకటనీ మా ఇళ్లలో వింటూ పెరిగాం. థామస్ బొమ్మలోనూ శాపం లేదు, సంతాపం లేదు. సూర్యబింబం పూర్తిగా మూసుకుపోయినప్పుడే దాని చుట్టూ ఎప్పుడూ ఉండే కాంతి మన కంటికి ఆనుతుంది. విశ్వం గురించి ఈ చిత్రం చెప్పేది ఇదే.

మరి ఆ చీకటి వృత్తం ఆమె చర్మమేనా? అలా చదివెయ్యడం తేలిక. మైనారిటీ మనిషి ఏం రాసినా, ఏం గీసినా అందులో గాయాన్నే వెతికే చూపు మాకు బాగా తెలుసు. సరిగ్గా చూడండి: అది నలుపు కాదు, ముదురు నీలం. దూరం నుంచే పేరు పెట్టేసేవాళ్లకు ఆ నీలం కనబడదు.

1963 నాటి వాషింగ్టన్ పౌరహక్కుల ఊరేగింపులో ఆమె పాల్గొంది, దాన్ని బొమ్మగానూ వేసింది. అయినా తాను నల్లజాతి చిత్రకారిణిని కాదు, చిత్రకారిణిని, అమెరికన్‌ని అంది. ఇక్కడ మేం ఆమెతో పూర్తిగా ఏకీభవించలేం. తెల్ల చిత్రకారుడికి అలా చెప్పుకోవలసిన అవసరమే రాలేదు. న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో తన చిత్రాలతోనే ప్రదర్శన జరిగిన తొలి నల్లజాతి స్త్రీ ఆమే, అదీ 1972లో. అంతదాకా ఆ తలుపు ఎందుకు మూసి ఉంది? ఆ ప్రశ్న రంగులతో తీరదు.

అయితే గాయం గురించి మాట్లాడే హక్కుతో పాటు ఆకాశం గురించి మాట్లాడే హక్కూ మాదే. అస్తిత్వమంటే మొదటిదొక్కటే అనుకుంటే సూర్యుణ్ణి కూడా ఎవరికో రాసిచ్చినట్టవుతుంది. థామస్ రాసివ్వలేదు.